ఒక చెవితో విన్న జాజ్

కుడి చెవి పోయిన ఏడాది నేను పాటలు వినడం మానేశాను. ఇది జరిగి పద్నాలుగేళ్ళు. ఆ ఏడాది చివర్లో ఒక శనివారం సాయంత్రం నా స్నేహితుడు నన్ను దాదాపు లాక్కెళ్ళినట్టు ఒక జాజ్ కచేరీకి తీసుకెళ్ళాడు. ఆ రాత్రి గురించి రాయాలని ఎన్నిసార్లు అనుకున్నానో, ప్రతిసారీ వాయిదా పడుతూనే ఉంది. మొన్న పాత అట్టపెట్టె సర్దుతుంటే వాడి చేతిరాతతో ఉన్న క్యాసెట్ ఒకటి దొరికింది. లోపల టేపు జిగటగా అయిపోయి పనికిరాకుండా పోయింది గానీ, లేబుల్ మీద నీలం ఇంకు మాత్రం అలాగే ఉంది. దాన్ని చూశాక ఇంక ఆగబుద్ధి కాలేదు.

ముందు చెవి సంగతి చెప్పేస్తాను. ఒకరోజు పొద్దున్న లేచేసరికి కుడి చెవిలో నీళ్ళు పోయినట్టు బరువుగా ఉంది, దాంతోపాటు కీ... మని సన్నటి కూత. జలుబు అనుకున్నాను. పది రోజులు అలాగే తిరిగాను. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే పరీక్ష చేసి, గ్రాఫ్ కాగితం నా ముందు పెట్టి, ఎడమ చెవి గీత పైన ఉందని, కుడి చెవి గీత అట్టడుగున ఉందని చూపించారు. స్టెరాయిడ్లు ఇచ్చారు, కోర్సు మొత్తం వాడాను, ఏమీ తిరిగి రాలేదు. మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే కొంత అవకాశం ఉండేదన్నారు. (ఇది చదువుతున్న వాళ్ళెవరికైనా ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోతే దయచేసి ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. జలుబేమో అని ఆగొద్దు.)

ఒక చెవి పోతే సగం వినపడుతుంది, అంతేగా అనుకుంటాం. అలా ఉండదు. శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. ఎవరైనా పిలిస్తే నేను వాళ్ళున్న వైపు తప్ప మిగతా మూడు వైపులా చూసేవాణ్ణి. నలుగురు కలిసి మాట్లాడుకునే చోట అన్ని మాటలూ ఒకే ముద్దగా వచ్చి మీద పడేవి. దాంతో నలుగురు ఉండే చోటికి వెళ్ళడం తగ్గించాను, తర్వాత మానేశాను. పాటల విషయంలో అయితే అసలు ఎవరికీ చెప్పుకోలేని బాధ. అది అర్థం కావాలంటే నేను వాక్‌మన్ దగ్గరికి వెళ్ళాలి.

చదువుకునే రోజుల్లో హాస్టల్ గదిలో మేమిద్దరం. వాడి దగ్గర ఒక వాక్‌మన్, పదకొండు జాజ్ క్యాసెట్లు ఉండేవి, అన్నీ ఎవరి రికార్డుల నుంచో ఎక్కించుకున్నవే. రాత్రి లైట్లు ఆర్పేశాక మంచం మీద గోడకి జారగిలబడి పక్కపక్కన కూర్చునేవాళ్ళం, నా కుడి పక్కన వాడు. ఉన్నది ఒకటే ఇయర్‌ఫోన్స్. ఎడమది నాకు, కుడిది వాడికి. ఎవరూ నిర్ణయించింది కాదు, మొదటి రోజు అలా పెట్టుకున్నాం కాబట్టి మూడేళ్ళూ అలాగే సాగింది. చాలా రోజుల దాకా మేమిద్దరం ఒకే సంగీతం వినడం లేదన్న సంగతి మాకు తెలియనే తెలియదు. ఒక రాత్రి నేను "ఆ డ్రమ్స్ చూడరా, ఏం వాయిస్తున్నాడు!" అంటే, వాడు నా వైపు తిరిగి "డ్రమ్స్ ఎక్కడున్నాయిరా? శాక్సోఫోన్ కదా మొత్తం!" అన్నాడు. ఇద్దరం ఇయర్‌ఫోన్ ముక్కలు మార్చుకుని చూశాం. నిజమే. వాడి వైపు శాక్సోఫోన్, నా వైపు డ్రమ్స్.

దానికి కారణం తర్వాత తెలిసింది. రెండు వైపులా వేర్వేరు శబ్దం వచ్చే స్టీరియో ఎల్పీ రికార్డులు అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది 1958లో. ఆ మొదటి రోజుల్లో చాలా రికార్డింగుల్లో ఒక వాద్యాన్ని పూర్తిగా ఎడమకి, ఇంకొకదాన్ని పూర్తిగా కుడికి తోసేసేవాళ్ళు. గదిలో రెండు స్పీకర్లు పెట్టుకుని వింటే గాల్లో కలిసిపోయి బాగానే ఉంటుంది. ఒకే ఇయర్‌ఫోన్ ముక్కతో వింటే బ్యాండ్‌లో సగం మంది కనబడకుండా పోతారు. మాకు మాత్రం అదొక ఆట అయిపోయింది. కొత్త క్యాసెట్ పెట్టగానే "నీకేం వినిపిస్తోందిరా?" "పియానో. నీకు?" "బూర. ఇప్పుడు ఎత్తుకున్నాడు, ఆగు... అబ్బ!" అని ఒకళ్ళకొకళ్ళం చెప్పుకునేవాళ్ళం. వాడి "అబ్బ!" విని, అక్కడ ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవడంలో ఉన్న ఆనందం నాకు తర్వాత ఏ ఖరీదైన హెడ్‌ఫోన్స్‌లోనూ దొరకలేదు.

చెవి పోయాక అవే రికార్డింగులు మళ్ళీ పెట్టుకున్నాను. ఎడమ వైపు డ్రమ్స్, పియానో, అన్నీ ఉన్నాయి. శాక్సోఫోన్ లేదు. అది ఎక్కడ వస్తుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నాకు కంఠతా వచ్చు. సరిగ్గా అక్కడ ఖాళీ. వాడి సగం పోయింది. మోనోలో పెట్టుకో, రెండూ ఒకే చెవిలోకి వస్తాయని ఎవరో సలహా ఇచ్చారు. అదీ చేశాను. వచ్చాయి, కానీ అందర్నీ ఒకే అలమరలో కుక్కి తలుపేసినట్టు ఉంది. నిజానికి తప్పు మోనోది కాదు, వినే మనసు లేదప్పుడు. హెడ్‌ఫోన్స్ డ్రాయర్లో పడేశాను.

అలాంటి రోజుల్లో వాడి దగ్గర నుంచి ఫోన్.

"ఒరేయ్, శనివారం సాయంత్రం ఏ పనీ పెట్టుకోకు. జాజ్ కచేరీ ఉంది, రెండు టికెట్లు తీశాను."

"నేను రాను రా. నీకు తెలుసుగా."

"తెలుసు. వినకపోయినా పర్లేదు, వచ్చి చూడు."

ఆ మాట మీద కోపమొచ్చి ఫోన్ పెట్టేశాను. చూడ్డానికేముంటుంది కచేరీలో? శనివారం వాడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, చెప్పులేసుకునే దాకా కదల్లేదు.

చిన్న హాలు. ఎనభై కుర్చీలుంటాయేమో. స్టేజీ అంటూ ఏమీ లేదు, మేము కూర్చున్న చెక్క నేల మీదే ఒక చివర పియానో, డ్రమ్స్ ఉన్నాయి. డ్రమ్స్ జారిపోకుండా కింద ఒక పాత కంబళి లాంటిది పరిచారు. పియానో వంపులో డబుల్ బేస్ అనే తీగల వాద్యం పక్కకి పడుకోబెట్టి ఉంది, మనిషి కంటే పెద్దది, వార్నిష్ అక్కడక్కడా అరిగిపోయి. మధ్యలో కుర్చీలు ఖాళీగానే ఉన్నా వాడు నన్ను ముందు వరసలో బాగా కుడి చివరకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఎందుకా అనుకున్నాను. కూర్చున్నాక అర్థమైంది, అక్కడ కూర్చుంటే బ్యాండ్ మొత్తం నా ఎడమ చెవి వైపుంటుంది. వాడు నా ఎడమ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు దాని గురించి, నేనూ అడగలేదు. వారం ముందే ఆ హాలుకి వెళ్ళి సీట్లు చూసి వచ్చాడని చాలా కాలం తర్వాత వాళ్ళావిడ చెప్పింది.

నలుగురు వచ్చారు. శాక్సోఫోన్ వాయించే అమ్మాయి, ముప్ఫై దాటి ఉండవు. పియానో ఆయన, డ్రమ్స్ కుర్రాడు, బేస్ వాయించే ఒక పెద్దాయన. పియానో ఒక స్వరం ఇచ్చింది, పెద్దాయన బేస్‌ని నిలబెట్టి తీగలు శ్రుతి చేసుకున్నారు. ఉపన్యాసాలు లేవు. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని కుడి చేత్తో చిటికెలు వేసింది, నాలుగు, అంతే, నలుగురూ ఒకేసారి దూకారు.

మొదటి నిమిషం భయపడ్డట్టే అయింది. ముద్ద. సింబల్ (డ్రమ్స్‌లో ఉండే ఇత్తడి పళ్ళెం) ఏదో, పియానో పై స్వరాలేవో తెలియడం లేదు, నుదుటి మీద చెమట పట్టింది, లేచి వెళ్ళిపోదామనిపించింది. అప్పుడు వాడన్న మాట గుర్తొచ్చింది. చూడు అన్నాడు కదా, సరే అని చూడటం మొదలుపెట్టాను. డ్రమ్మర్ కుడి చెయ్యి సింబల్ మీద ఎలా ఆడుతోందో చూశాను. చూస్తుండగానే ఆ సింబల్ శబ్దం ముద్దలోంచి విడిపోయి బయటికి వచ్చింది. టింగ్, టింగ్-క టింగ్. తర్వాత ఎడమ పాదం చూశాను, హై-హ్యాట్ అనే జంట పళ్ళేలు మూసుకుంటున్నాయి, అదీ వినిపించింది. పియానో ఆయన వేళ్ళు చూశాను, పియానో వచ్చింది. ఏ చేతిని చూస్తే ఆ శబ్దం విడిగా వచ్చి నిలబడుతోంది. ఆరు నెలలుగా నేను చెవిని తిట్టుకుంటూ కూర్చున్నాను గానీ, దానికి కళ్ళు సాయం చేయగలవని ఒక్కసారి కూడా తోచలేదు.

జాజ్ ఎక్కువగా వినని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ముందు అందరూ కలిసి అసలు పాట వాయిస్తారు, దాన్ని హెడ్ అంటారు. చాలా పాటలు 32 బార్లు (బార్ అంటే సాధారణంగా నాలుగు దెబ్బల కొలత) ఉంటాయి, బ్లూస్ అనే రకం పాట అయితే 12. హెడ్ అయిపోయాక పాట వెనకాల ఉన్న కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) మాత్రం మన తాళం ఆవర్తాల్లాగా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, ఒక్కో చుట్టుకీ కోరస్ అని పేరు. ఆ చుట్ల మీద ఒక్కొక్కళ్ళూ అప్పటికప్పుడు ఆశువుగా కట్టుకుంటూ వాయిస్తారు, దాన్నే సోలో అంటారు. ఎన్ని చుట్లు అన్నది ముందుగా ఎవరూ రాసుకోరు. మరి ఒకళ్ళు ఆపబోతున్నారని మిగతా వాళ్ళకెలా తెలుస్తుంది? క్యాసెట్లు వినే రోజుల్లో మేమిద్దరం దీని మీద గంటలు గంటలు వాదించుకున్నాం. జవాబు ఆ రోజు నా కళ్ళ ముందు కనబడింది. చూసుకుంటారు! సోలో చివరికి వస్తుంటే ఆ అమ్మాయి శాక్సోఫోన్‌ని ఒక్క అంగుళం కిందికి దించి పియానో వైపు చూసింది, ఆయన గడ్డం ఎగరేశాడు. ఇంకోసారి నాలుగు వేళ్ళు చూపించింది, నాలుగు బార్లు తను, నాలుగు బార్లు డ్రమ్మర్, మార్చి మార్చి వాయించుకున్నారు. ఆఖర్న నడినెత్తి మీద అరచెయ్యి పెట్టుకుంది. నా స్నేహితుడు ఎడమ చెవిలో గొణిగాడు, "తల మీద చెయ్యి పెడితే హెడ్‌కి వెళ్దామని. మళ్ళీ మొదటికి." నలుగురూ అదే క్షణంలో పాట మొదటికి వచ్చేశారు.

ఇదేదీ ఆ క్యాసెట్లలో లేదు. మూడేళ్ళు వాటితో కాపురం చేశాం, ఆ సైగలు ఉంటాయని కూడా తెలియదు.

జనం సోలో అయిపోగానే, పాట నడుస్తుండగానే చప్పట్లు కొడతారు. తాళం వేస్తే రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద వేస్తారు. నాకు చిన్నప్పటి నుంచి మొదటి దెబ్బ మీద వేయడమే అలవాటు. రెండో పాటలో నేను ఒకటి, మూడు మీద వేస్తున్నానని వెనక వరసలో ఒక పెద్దావిడ గమనించారు. ఏమీ అనలేదు. నా కుర్చీ వెనక చెక్క మీద రెండు వేళ్ళతో మెల్లగా తట్టడం మొదలుపెట్టారు, రెండు... నాలుగు... రెండు... నాలుగు... నా వీపుకి తెలిసేటట్టు. ఒక నిమిషంలో నా చేతులు వాటంతటవే మారిపోయాయి. మారగానే ఆ సంగీతం మొత్తం ముందుకి వంగి నడుస్తున్నట్టు అనిపించింది. జాజ్‌లో ఆ ఊపుకి వాడే స్వింగ్ అనే మాట అంతకు ముందు వందసార్లు చదివి ఉంటాను. అది ఏమిటో నాకు తెలిసింది ఆవిడ వేళ్ళ వల్ల, వీపు ద్వారా.

అలా వీపు మీద ధ్యాస పడ్డాక కాళ్ళ సంగతి తెలిసింది. బేస్‌కి అడుగున ఒక ఇనుప కాలు ఉంటుంది, మేకు లాంటిది, దాని మీదే ఆ వాద్యం బరువంతా నిలబడుతుంది. ఆ మేకు చెక్క నేలలో దిగి ఉంది. నా పాదాలు అదే చెక్క మీద ఉన్నాయి. పెద్దాయన బార్‌కి నాలుగు చొప్పున ఒక్కో స్వరం మీటుకుంటూ నడుస్తున్నారు, వాకింగ్ బేస్ అనేది అందుకే, నిజంగా మెట్లు దిగుతూ ఎక్కుతూ నడుస్తున్నట్టే ఉంటుంది. ఆ ప్రతి అడుగూ నా మడమల్లోకి వస్తోంది. చెప్పులు విప్పేశాను. అరికాళ్ళు నేలకి ఆనించాను. మోకాళ్ళ దాకా వచ్చింది. కుర్చీ అంచు పట్టుకున్న వేళ్ళలోకి వచ్చింది. కుడి వైపు, ఎడమ వైపు, రెండు వైపులా సమానంగా వచ్చింది. ఆరు నెలల తర్వాత నా ఒంట్లో కుడి పక్కకి సంగీతం చేరడం అదే మొదటిసారి.

ఆ పెద్ద వాద్యం చాలా కాలం వెనకాల నిలబడి తాళం లెక్కపెట్టుకుంటూ ఉండిపోయేది. 1939లో డ్యూక్ ఎలింగ్టన్ అనే పేరున్న జాజ్ సంగీతకారుడి బృందంలో జిమ్మీ బ్లాంటన్ అనే కుర్రాడు చేరి, బేస్ కూడా ముందుకొచ్చి పాడగలదని చూపించాడు. మూడేళ్ళు తిరక్కుండానే 1942లో క్షయతో పోయాడు. ఇరవై మూడేళ్ళు. ఆ తర్వాత బేస్ వాయించిన ప్రతి ఒక్కరి చేతుల్లోనూ అతను కొంచెం ఉంటాడంటారు. ఆ రాత్రి పెద్దాయన సోలో తీసుకున్నప్పుడు పియానో ఆగిపోయింది, శాక్సోఫోన్ అమ్మాయి ఒక అడుగు పక్కకి వేసింది, డ్రమ్మర్ సింబల్ మీద వేలి గోరుతో తాకినట్టు తాకుతున్నాడు. హాల్లో ఎవరూ కదలడం లేదు. బేస్ గొంతు చిన్నది కాబట్టి దాని కోసం అందరూ తగ్గాలి, అందరూ తగ్గారు. ఆయన వాయిస్తూ తనలో తను సన్నగా పాడుకుంటున్నారు, పెదవులు కదులుతున్నాయి. ఎనభై మంది ఒక నెమ్మది గొంతు కోసం ఊపిరి బిగపట్టి కూర్చోవడం చూస్తుంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. గట్టిగా మాట్లాడమని అందరినీ బతిమాలుతూ తిరిగిన ఏడాది అది. మెల్లగా వినిపించే దాని కోసం జనం ఇలా వంగి వింటారని నేను మర్చిపోయాను.

దాని తర్వాతది నెమ్మదైన పాట. డ్రమ్మర్ పుల్లలు పక్కన పెట్టి బ్రష్‌లు తీశాడు, సన్నటి తీగల కుచ్చులు అవి, విసనకర్రలా విచ్చుకుంటాయి. ఎడమ చేత్తో చర్మం మీద గుండ్రంగా తుడుస్తుంటే అచ్చం చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు. దాని మీద శాక్సోఫోన్. ముందు గాలి వచ్చింది, వట్టి గాలి, ఆ గాలి మెల్లగా స్వరంగా మారింది. మీటలు మూసుకునే చిన్న చిన్న టక్ టక్‌లు కూడా వినిపిస్తున్నాయి. ఆ అమ్మాయికి నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ప్రతి వాక్యం ముందు తను ఊపిరి తీసుకుంటే నేనూ తీసుకుంటున్నానని పాట సగంలో గానీ గమనించుకోలేదు.

ఇంటర్వెల్‌లో గోడవార నిలబడి ఉన్నాం. వాడు నా ఎడమ పక్కకి వచ్చి నిలబడి ఒక సంగతి చెప్పాడు, చాలా రోజులుగా నాకు చెప్పాలని దాచుకున్నాడట. 1956 జులై 7న అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఫెస్టివల్‌లో డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయిస్తోంది. అప్పటికి డ్యూక్ పని అయిపోయిందని లోకం అనుకుంటున్న రోజులు. ఒక పాట మధ్యలో ఆ బృందంలోని పాల్ గాన్సాల్వెస్ శాక్సోఫోన్ ఎత్తాడు, బ్లూస్ మీద 27 కోరస్‌లు, ఆగకుండా! జనంలోంచి ఒకావిడ లేచి డాన్స్ మొదలుపెట్టింది, ఆవిణ్ణి చూసి మిగతా వాళ్ళు లేచారు, మొత్తం మైదానం ఊగిపోయింది. తర్వాతి నెల డ్యూక్ బొమ్మ టైమ్ పత్రిక ముఖచిత్రం మీద వచ్చింది.

"ఇది నాకు తెలుసురా," అన్నాను.

"మిగతాది తెలియదు. ఆ రోజు అక్కడ రెండు మైకులున్నాయి. ఒకటి రికార్డు కంపెనీది, ఇంకోటి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోది. గాన్సాల్వెస్ ఆ ఊపులో రేడియో వాళ్ళ మైకులోకి వాయించేశాడు. అందుకే రికార్డులో ఎక్కడో దూరం నుంచి వాయిస్తున్నట్టు ఉంటాడు. నలభై ఏళ్ళు జనం ఆ సగమే విన్నారు. సగం విని కూడా ప్రాణం పెట్టారు దాని మీద. ఆ రేడియో టేపు తర్వాతెప్పుడో దొరికితే, రెండూ కలిపి 1999లో స్టీరియోలో వేశారు."

అంతే చెప్పి ఊరుకున్నాడు. వాడికి వివరించి చెప్పే అలవాటు లేదు, హాస్టల్లోనూ అంతే.

రెండో సగం గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే చాలా భాగం నాకు గుర్తు లేదు. రెండు మూడు పాటలు బాగా వేగంగా సాగాయి, పియానో ఆయన ఒక చోట ఎడమ చేత్తో చేసిన పనికి జనం అరిచారు, అంతవరకు తెలుసు. ఆఖరి పాట మాత్రం నిమిషం నిమిషం గుర్తుంది. 12 బార్ల బ్లూస్. మామూలుగా మొదలైంది. శాక్సోఫోన్ అమ్మాయి మూడు స్వరాల ముక్క ఒకటి పట్టుకుంది, చాలా చిన్న ముక్క, దాన్నే మళ్ళీ మళ్ళీ వాయిస్తోంది, ప్రతిసారీ కొంచెం పక్కన, కొంచెం ఆలస్యంగా. పియానో ఆ ముక్కనే అందుకుని తిరిగి ఇచ్చింది. డ్రమ్మర్ దాన్నే చర్మాల మీద పలికించాడు. నాలుగో చుట్టో అయిదో చుట్టో, పెద్దాయన అప్పటిదాకా నేల చూపులు చూస్తున్నవారు తలెత్తి డ్రమ్మర్ వైపు చూసి నవ్వారు, ఆ కుర్రాడూ నవ్వాడు. ఆ నవ్వుతో ఏదో మారింది. ఎవరూ వేగం పెంచలేదు, ఎవరూ గట్టిగా వాయించలేదు, కానీ నేల మొత్తం పైకి లేచినట్టయింది. నా వెనక పెద్దావిడ "అదీ!" అన్నట్టు ఏదో కేక వేశారు. నా స్నేహితుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు, మేమిద్దరం ఎప్పుడు లేచి నిలబడ్డామో తెలియదు, నేను చెప్పులు లేకుండానే నిలబడి రెండు మీద, నాలుగు మీద చప్పట్లు కొడుతున్నాను, ముఖమంతా తడి. ఏ శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదన్న బాధ లేదు, ఎందుకంటే అది అన్ని వైపుల నుంచీ వస్తోంది, రెండు చెవులున్న వాళ్ళకి కూడా.

పాట ఆగింది. చప్పట్లూ ఆగాయి. జనం మెల్లగా బయటికి వెళ్తుంటే, ఆ నిశ్శబ్దంలో కుడి చెవిలో కూత మళ్ళీ వినిపించింది. అప్పుడు గానీ తెలియలేదు, గంట పైగా అది లేదని. ఎప్పుడు ఆగిందో చూసుకోలేదు. ఆరు నెలల్లో నేను దాన్ని మర్చిపోయిన మొదటి గంట అది.

పెద్దాయన బేస్‌కి గుడ్డ సంచి తొడుగుతున్నారు. ఎలా ధైర్యం వచ్చిందో, దగ్గరికి వెళ్ళి, నాకు కుడి చెవి వినపడదని, మీ వాద్యం కాళ్ళతో విన్నానని చెప్పాను. ఆయన ఆగి నా ముఖంలోకి, తర్వాత నా కాళ్ళ వైపు చూశారు. సంచి మళ్ళీ కిందికి లాగేశారు. "ఇటు రండి, ఇక్కడ చెయ్యి పెట్టండి," అని బేస్ వీపు మీద, పైభాగంలో చెక్క పలచగా ఉన్న చోట నా అరచెయ్యి పెట్టించారు. పెట్టి, అన్నింటికంటే లావు తీగని, అడుగు స్వరం పలికే 'E' తీగని, బొటనవేలితో మీటారు. సెకనుకి 41 సార్లు ఊగుతుంది ఆ తీగ. అరచేతిలో అది శబ్దంలా లేదు, ఏదో పెద్ద జంతువు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉంది. మోచేతి దాకా, భుజం దాకా, దవడ దాకా పాకింది. ఆగిపోయే దాకా ఆయన ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు. పూర్తిగా ఆగాక, "నాకు కూడా ఇటు వైపు సగమే," అని తన ఎడమ చెవి చూపించారు. నలభై ఏళ్ళుగా డ్రమ్స్ పక్కన నిలబడితే ఉంటుందా మరి అని, సంచి జిప్పు లాగుతూ, "అందుకే వాళ్ళని చూస్తూ వాయిస్తాను," అన్నారు.

తిరుగు బస్సులో జనం లేరు. వాడు జేబులోంచి చిన్న ప్లేయర్, చిక్కుపడ్డ ఇయర్‌ఫోన్స్ తీసి, చిక్కు విప్పుతూ కూర్చున్నాడు. ఆ రోజంతా నా ఎడమ పక్కనే ఉన్నవాడు, బస్సెక్కగానే నా కుడి పక్కన కూర్చున్నాడు. నేను చూసి ఊరుకున్నాను. ఏం పెడుతున్నావని అడిగితే స్క్రీన్ చూపించాడు. మా పదకొండు క్యాసెట్లలో అన్నింటికంటే ఎక్కువ అరిగినది. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బులో బిల్ ఎవాన్స్ పియానో, స్కాట్ లఫారో బేస్, పాల్ మోషియన్ డ్రమ్స్. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా అయిదు విడతలు వాయించారు. పదకొండు రోజులకి లఫారో కారు ప్రమాదంలో పోయాడు, ఇరవై అయిదేళ్ళు. ఆ రికార్డింగులో పియానో, బేస్ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటుంటే వెనకాల జనం మాటలు, గ్లాసులు తగిలిన చప్పుళ్ళు వినిపిస్తూ ఉంటాయి. అక్కడ ఒక చరిత్ర జరుగుతోందని ఆ గ్లాసులు పట్టుకున్న వాళ్ళకి తెలియదు పాపం.

వాడు ఎడమది నా చేతిలో పెట్టి, కుడిది తన చెవిలో పెట్టుకున్నాడు. ప్లే నొక్కాడు. కాసేపు ఇద్దరం కిటికీ బయటికి చూస్తూ ఉన్నాం.

"ఏం వినిపిస్తోందిరా?" అన్నాడు, వాడి గొంతు నాకు వినపడలేదు, పెదవులు చూసి తెలుసుకున్నాను.

చెప్పడం మొదలుపెట్టాను.